అందరికీ ఒక వంతు

మండికల్లు ఊళ్ళో మునియప్ప పొద్దున్నే పాలక్యాను పట్టుకొని డెయిరీకి నడిచేటప్పుడు, పైన విమానం మోత వినిపిస్తే చాలు, నిలబడిపోయేవాడు. "అదో, మా కోడలు తుడిచిన బండి," అని పక్కనున్నవాళ్ళకు చూపించేవాడు. డెయిరీ వరుసలో ఉన్న పిళ్ళప్ప ఊరుకునే మనిషి కాదు. "అట్లనా మునియప్పా, చక్రాల కింద నిమ్మకాయలు కూడా పెట్టిందా?" అనేవాడు. అందరూ నవ్వేవారు, మునియప్ప కూడా నవ్వేవాడు.

కోడలు వినుత దేవనహళ్ళి విమానాశ్రయంలో పనిచేస్తోంది. ఒక విమానంలోంచి జనం దిగి, మళ్ళీ జనం ఎక్కేలోపల, ఆ కొద్దిసేపట్లో సీట్ల సందుల్లో చెత్త ఏరాలి, బాత్రూములు కడగాలి, ప్రతి సీటు మీదా బెల్టు మడిచి పెట్టాలి. విమానం ఎక్కినవారు శుభ్రమైన సీటులో కూర్చుంటారు. అది ఎవరు తుడిచారని అడిగేవారు తక్కువ. విమానం మీద ఒక కంపెనీ పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది కానీ, తుడిచేవారు ఆ కంపెనీ మనుషులు కారు. వారిని పెట్టుకునేదీ, తీసేసేదీ ఒక కంట్రాక్టరు. ఈ సంగతి కరోనా వచ్చేదాకా మునియప్పకు కూడా తెలియదు.

ఆ ఏడు మార్చిలో విమానాలు ఆగిపోయాయి. కొడుకు గిరీశ్ ఆటోకు టార్పాలిన్ కప్పేశాడు. పాలు, రాగులు ఉన్నాయి గనుక పొయ్యి ఆరలేదు గానీ, మిగతా ఖర్చులన్నిటికీ వినుత జీతమే ఆధారం. పరదేశాల్లో చిక్కుకున్నవారిని సర్కారు విమానాల్లో ఇంటికి తెప్పిస్తున్నదని టీవీలో చూసి, మునియప్ప భార్య మునిరత్నమ్మ దేవుని ముందు దీపం పెట్టింది. కన్నతల్లులు ఎందరు ఎదురుచూస్తున్నారో అని కళ్ళు తుడుచుకుంది. విమాన కంపెనీలను సర్కారు ఆదుకోవాలనీ, వాటి అప్పులకు అండగా నిలవాలనీ టీవీలో పెద్దలు మాట్లాడుకుంటూ ఉంటే మునియప్పకు ధైర్యం వచ్చింది. విమానం నిలబడితే కోడలి పని నిలబడినట్టే కదా అనుకున్నాడు.

జూన్‌లో ఒకనాటి మధ్యాహ్నం సూపర్‌వైజరు పురుషోత్తమ్ ఫోన్ చేశాడు. ముప్పై ఆరు మంది ఆడవాళ్ళలో పద్దెనిమిది మందినే ఉంచుకుంటున్నారనీ, వారిలో వినుత పేరు ఉన్నదనీ చెప్పాడు. మునియప్ప అప్పటికప్పుడు ఆంజనేయస్వామి గుడికి పోయి, మూసిన గేటు ముందరే కొబ్బరికాయ కొట్టి వచ్చాడు. తీరా ఇంటికి వచ్చి చూస్తే వినుత ముద్ద ముట్టలేదు.

"ఆశక్కను తీసేసినారు మామా," అంది. "నా కంటే నాలుగేండ్లు ముందునుంచీ చేస్తాండాది. నన్ను పనిలో పెట్టించింది ఆయమ్మే, బెల్టు మడిచేది నేర్పిందీ ఆయమ్మే."

ఆశా వెనక వీధిలోనే ఉంటుంది. భర్త లేడు. అత్తనూ ఇద్దరు పిల్లలనూ ఆమె రెక్కలే సాకుతున్నాయి. ఉన్న పనిని అందరమూ పంచుకుంటామని అడగాలని వినుత ఆలోచన. అడిగితే తన పేరు కూడా పోతుందేమోనని భయం. మునిరత్నమ్మ ఒప్పుకోలేదు. దేవుడు చేతిలో పెట్టినదాన్ని యాడన్నా జారవిడుస్తారా అంది. గిరీశ్ పోయి ఆటో మీది టార్పాలిన్ సర్దాడు.

మునియప్ప ఆవుకు గడ్డి వేస్తూ ఆలోచించాడు. తాను స్వామికి మొక్కాడు. ఆశా అత్త కూడా అదే గేటు పట్టుకొని మొక్కే ఉంటుంది. స్వామి ఒక ఇంటి మొర విని, వెనక వీధి మొర వినలేదని ఎట్లా అనుకోవడం? ఆ పేర్ల పట్టీ రాసింది స్వామి కాదు. మనిషి రాసిన పట్టీని మనిషి దిద్దవచ్చు. తెల్లవారగానే కొడుకును ఆటో తీయమన్నాడు. వినుతనూ ఆశానూ వెంటబెట్టుకొని దేవనహళ్ళిలో కంట్రాక్టరు ఆఫీసుకు పోయాడు.

పురుషోత్తమ్ చెడ్డవాడు కాడు. వచ్చే నెల తన పేరే ఉంటుందో లేదో అన్న దిగులులో ఉన్నాడు. విమానాలే లేనప్పుడు తానేం చేయగలనన్నాడు. సర్కారు ఏమి ఇచ్చినా పైవాళ్ళ దగ్గరే ఆగుతుందనీ, తమ దాకా దిగి రాదనీ చెప్పాడు. తర్వాత వినుత వైపు తిరిగాడు.

"నీ పేరు ఉండాది గదమ్మా, నువ్వెందుకు వచ్చినావు?"

"నా దినాల్లో సగం ఆశక్కకు రాయండి సార్," అంది వినుత.

అప్పుడు మునియప్ప మాస్కు సరిచేసుకొని నెమ్మదిగా చెప్పాడు. "అప్పా, మా అన్నదమ్ములు ముగ్గురికీ ఒకటే బోరు. కరెంటు వచ్చినప్పుడు ఒకరి తరువాత ఒకరు వంతులేసి నీళ్ళు కట్టుకుంటాము. ఒక ఏడు నీళ్ళు సగానికి పడిపోయినాయి. కాలవ కొనాకు ఉండేది మా చిన్నతమ్ముడు రామప్ప మడి. వాన్ని తీసేస్తే మిగిలిన ఇద్దరికీ సాలునని నేనే అన్న్యాను. ఈ నోటితోనే. మా అమ్మ ఒప్పలా. గంటలు తగ్గనీరా, మనుషులు తగ్గకూడదు అనింది. ఆ ఏడు ముగ్గురమూ టమాటా మానేసి రాగి పెట్టుకున్న్యాము. సంగటికి కరువు రాలా, ఎవరూ ఊరిడిసి పోలా. నువ్వూ దినాలు తగ్గించప్పా. పేర్లు కొట్టెయ్యొద్దు."

పురుషోత్తమ్ పట్టీ తీసి పేర్లు మళ్ళీ లెక్కపెట్టాడు. పైవాళ్ళను అడుగుతాననీ, మాట ఇవ్వలేననీ అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆశా వినుత చేయి పట్టుకొని కూర్చుంది. నీకు పిచ్చి పట్టిందని ఒకసారి తిట్టింది, అంతే.

ఎనిమిది రోజులకు ఫోన్ వచ్చింది. ఇద్దరు పెద్దవయసువారిని మాత్రం వ్యాధి భయమని చేర్చుకోలేదు. మిగిలిన ముప్పై నలుగురినీ రెండు జట్లు చేసి, నెలకు చెరి పదిహేను రోజులు పని ఇచ్చారు. ఆశా పేరూ చేరింది, వినుత జీతం సగమైంది. మునిరత్నమ్మ కొంత గొణిగింది. మరునాడు మజ్జిగ చెంబు తీసుకొని ఆశా ఇంటికి తానే పోయింది.

పట్టీలో చేరని ఆ రెండు పేర్లు మాత్రం మునియప్ప మనసులో ముల్లులా ఉండిపోయాయి. "సర్కారు కంపెనీలను ఆదుకునేది మంచిదే," అన్నాడు కొడుకుతో. "ఇచ్చేటప్పుడు ఒక మాట రాయించుకోవాల. ఇది తీసుకున్నోడు పనోళ్ళను తీసెయ్యకూడదని."

కష్టకాలంలో సర్కారు ఎంత పెద్ద కంపెనీకి చేయి అందించినా, దాని కింద పనిచేసే చివరి మనిషి పేరు కూడా నిలిచినప్పుడే ఆ సాయం పూర్తయినట్టు.