ఎడమచేతి నాదస్వరం

కీబోర్డు మీద స్వరం నొక్కడం ఎవడైనా చేస్తాడు. నొక్కిన తర్వాత దాన్ని ఏం చేస్తావన్నదే అసలు పని. నా కుడిచెయ్యి మెట్ల మీద ఉంటే, ఎడమచెయ్యి పక్కనున్న చిన్న వీల్ మీద ఉంటుంది. దాన్ని గోరంత తోస్తే స్వరం పైకి జారుతుంది, వదిలితే దిగుతుంది. పైనున్న నాబ్ తిప్పితే గొంతు విచ్చుకుంటుంది, వెనక్కి తిప్పితే ముక్కుతో పలుకుతుంది. కాలి కింద పెడలే ఊపిరి. ఇవన్నీ ఒక్కసారి కదిలితే ఆ పెట్టెలోంచి నాదస్వరం వస్తుంది. పట్టాభిరామ్ నుంచి తిరుత్తణి దాకా పెళ్ళిళ్ళలో నాదస్వరం మోహన్‌రాజ్ అంటే నేనే. అసలు నాదస్వరాన్ని నేను ఒక్కసారి కూడా నోట పెట్టలేదు. పెడితే పరువు పోతుందని నాకు తెలుసు.

ఈ విద్య నేర్పింది మా మామ తణికాచలం. తిరుత్తణిలో నలభై ఏళ్ళు నాదస్వరం వాయించినవాడు. ఆయన కూతురు సత్యప్రియను చేసుకున్న కొత్తలో కీబోర్డు తీసుకెళ్ళి ముందు పెడితే, చిన్నపిల్లల ఆటబొమ్మను చూసినట్టు చూసి నవ్వాడు. ఆయన నాదస్వరం రంధ్రాల మీద వేళ్ళు ఆడిస్తూ నోటితో పాడేవాడు, నేను వీల్ తిప్పేవాణ్ణి. "అంత వద్దు, దాంట్లో సగం. ఇప్పుడు వణికించు. చాలు, చాలు" అనేవాడు. అల్లుడి సరదా అనుకున్నాడు. రెండేళ్ళు తిరిగేసరికి ఆ సరదా ఆయన ముహూర్తాలన్నీ మింగేసింది. ఇద్దరు ఊదేవాళ్ళు, ఇద్దరు తవిల్ డోలు వాయించేవాళ్ళు, ఒక తాళం, వాళ్ళందరికీ ఒక వ్యాను ఎందుకని జనం నన్నొక్కణ్ణే పిలవసాగారు. అప్పట్నుంచి మామ నాతో నేరుగా మాట్లాడటం మానేశాడు. నేను ఎదురుగా కూర్చుని ఉండగానే, "మీ ఆయన్ని కాఫీ తాగమను" అని కూతురికి చెప్పేవాడు.

నేనేం సిగ్గుపడలేదు. నేను కాకపోతే ఇంకొకడు చేసేవాడు. కానీ ఒకటి మాత్రం లోపల తొలుస్తూనే ఉండేది. ఊరంతా మెచ్చుకున్నా, ఆ ఒక్క మనిషి నోటివెంట "నువ్వూ వాద్యగాడివే" అన్న మాట రాలేదు. ఆ మాట కోసం పన్నెండేళ్ళు ఆశపడ్డాను. ఇప్పటికీ పడుతున్నాను, నా ఖర్మ.

పోయిన ఆవణి నెలలో తిరుత్తణిలోనే ఒక పెళ్ళి. మగపెళ్ళివాళ్ళు పాటలకు నన్ను పెట్టుకున్నారు. ఆడపెళ్ళివాళ్ళు, తాళి కట్టేటప్పుడు నిజం మేళమే ఉండాలని పట్టుబట్టి మామను పిలిచారు. వేదికకు ఆ పక్క మామ, తవిల్ వాయించే పెరుమాళ్. ఈ పక్క నేను. మామ నా వైపు తల తిప్పలేదు.

తాళి కట్టే క్షణంలో పెద్దవాళ్ళెవరో చూపుడువేలు గాల్లో ఆడిస్తారు. అప్పుడు గట్టిమేళం హోరెత్తిపోవాలి. ఎవరి తుమ్మూ, ఎవరి ఏడుపూ, ఏ చెడ్డమాటా పెళ్ళికూతురి చెవిన పడకూడదు. మూడు ముళ్ళూ పడేదాకా మేళం ఆగకూడదు. ఆగిందా, రేపు ఆ కాపురంలో పాలు విరిగినా మేళగాణ్ణే తిడతారు.

వేలు ఆడింది. మామ అందుకున్నాడు. మొదటి ముడి పడుతుండగా ఆయన ఊపిరి తెగింది. రెండేళ్ళుగా ఆయాసం మనిషికి. నాదం గరగరలాడి ఆగిపోబోయింది. నేను ఆలోచించలేదు. అదే స్వరం నొక్కి, ఆయన వదిలిన చోటునుంచే వీల్ పైకి తోసి, నాబ్ పూర్తిగా తెరిచి, పెడల్ తొక్కేశాను. మామ వాద్యాన్ని పెదాల మీంచి తీయలేదు. వేళ్ళు రంధ్రాల మీద ఆడుతూనే ఉన్నాయి. ఆ వేళ్ళను చూస్తూ, అవి ఎటు పోతే అటు వాయించాను. పెరుమాళ్ ఒక్కసారి నా వైపు చూసి మళ్ళీ తవిల్ మీదికి వంగాడు. మూడు ముళ్ళూ పడ్డాయి.

"ఈ వయసులో ఏం ఊపిరి స్వామీ మీది!" అంటూ పెళ్ళికూతురి తండ్రి మామకు శాలువా కప్పాడు. మామ తల వంచి కప్పించుకున్నాడు.

చేతులు కడుక్కునే చోట ఆయన ఒక్కడే ఉంటే దగ్గరికి వెళ్ళాను. ఈరోజైనా ఆ మాట అంటాడని నా ఆశ.

"ఎవురికైనా తెలిసిందా?" అన్నాడు. పదేళ్ళ తర్వాత నేరుగా నాతో మాట్లాడిన మొదటి మాట అది.

"ఒక్కరికి కూడా తెలీలేదు మామా!" అన్నాను గొప్పగా. ఎంత తెలివితక్కువ వెధవనో చూడండి.

"నలభై ఏండ్లు ఊదినాను. నేను నిలిచిపోతే ఒక్కడికి కూడా తెలీలేదు" అన్నాడు. శాలువా మడిచి చంకలో పెట్టుకుని నడిచి వెళ్ళిపోయాడు.

పెరుమాళ్ కాక తెలిసినవాడు ఇంకొకడున్నాడు. ఆ పెళ్ళికి అలంకరణ చేసి, వేదిక పక్కనే నిలబడి నా చేతులు చూసిన కాంట్రాక్టరు మురళీధరన్. రెండో రోజే ఫోన్ చేశాడు. "మోహన్ అన్నా, మీ మామ నాదస్వరం పట్టుకోని ముందర కూర్చోనీ. నువ్వు పూల తెర వెనక వాయించు. ఫోటోకు ఫోటో, సౌండుకు సౌండు. ఏమంటావు?"

మామకు చెప్పే ధైర్యం లేక సత్యప్రియతో చెప్పించాను. ముఖాన ఉమ్మేస్తాడనుకున్నాను. ఒప్పుకున్నాడు. "ఇంట్లో కూర్చుంటే నేను లేనని అందురికీ తెలిసిపోతాది. ఆడ కూర్చుంటే తెలీదు కదమ్మా" అన్నాడట. నా భార్య అది చెప్పి రెండు రోజులు నాకు అన్నం వడ్డించలేదు.

అలా ఏడు పెళ్ళిళ్ళు చేశాం. మామ పట్టుపంచె కట్టుకుని, శబ్దం రాకుండా ఊదే పీక తీసేసిన నాదస్వరం నోట పెట్టుకుని, బుగ్గలు పూరించి కూర్చుంటాడు. నేను తెర సందులోంచి ఆయన వేళ్ళు చూస్తూ వాయిస్తాను. ఆ వేళ్ళు నాకు కొట్టిన పిండి. ఏ వేలు లేస్తే వీల్ ఎంత తోయాలో ఆయనే కదా నేర్పింది.

పోయిన వారం ఆరణిలో ఎనిమిదోది. తాళి పడింది, మేళం ముగింపుకు వచ్చింది. ఉన్నట్టుండి మామ వేళ్ళు నేనెప్పుడూ చూడని దారి పట్టాయి. పై రంధ్రం మీద ఒక వేలు నిలిచింది, కిందివి ఒకదాని వెనక ఒకటి జారి, మధ్యలో ఆగి, వెనక్కి తిరిగాయి. ఏ స్వరం అనుకోవాలో నాకు అందలేదు. ఎడమచెయ్యి వీల్ మీద బిగుసుకుపోయింది. ఏదో ఒక పొడుగు స్వరం పట్టి, వణికించి, ముగించేశాను. జనానికి తేడా తెలియలేదు. మామ కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆయన చెవికి మాత్రం తన వేళ్ళు తిప్పిన స్వరాలే వినబడుతున్నాయని ఆ ముఖం చూస్తేనే తెలిసింది. నాకు కడుపు మండిపోయింది.

భోజనాల బంతిలో పక్కనే కూర్చున్నాను. "చివర్లో ఏందో కొత్త సంగతి తిప్పినావే మామా, ఏమది?"

"కొత్తది కాదు. మా నాయన నాకు ఇచ్చిండేది."

"నువ్వెప్పుడూ ఊదలేదే?"

"ఊదినాను. నువ్వు లేనప్పుడు."

కలిపిన ముద్ద ఆకులోనే వదిలేశాను. "నాకు చెప్పు మామా" అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. "నీతోనే పోతాది కదా అది."

ఆయన ఆకులో అన్నం మధ్య వేలితో గుంట చేసుకున్నాడు. కోపం లేదు, ఎగతాళి లేదు. "చెప్తాను" అన్నాడు. "వాద్యగాడు ఎవురైనా వస్తే చెప్తాను."

తర్వాత వడ్డించేవాణ్ణి కేకేశాడు. "ఇదో, మా అల్లుడికి రసం పొయ్యి నాయనా."