ఏడో నంబరు మంచం

మస్కట్ నుంచి నెల సెలవు మీద వచ్చిన మా ఆయన నన్ను కాట్రేనికోన దగ్గర సముద్రపొడ్డు పార్కుకి తీసుకొచ్చారు. రెండు రోజులు గుడారంలో మకాం. పొద్దున్నే ఇసుకలో పరుగు, తర్వాత సైకిళ్ళు, ఆపైన పడవలో తెడ్లు వేయడం. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో మేం కలిసున్నది పట్టుమని పది నెలలు లేదు. ఆ లోటంతా ఈ రెండ్రోజుల్లోనే తీర్చేయాలన్నట్టు నన్ను పరిగెత్తించారు.

సాయంత్రం గుడారం ముందు కూలబడ్డాక, ఆయన రెండు నీళ్ళ సీసాలు తీసి, ఒకదాని మీద మార్కరుతో తన పేరు రాసి, పక్కన ఏడు అంకె వేసుకున్నారు.

"ఎందుకండీ అది?" అన్నాను.

"లేకపోతే ఎవరో ఒకరు తాగేస్తారే."

చుట్టూ చూశాను. సరుగుడు చెట్లు, ఇసుక, నేను.

"ఎవరండీ తాగేది?"

ఆయన చెయ్యి ఆగింది. "అక్కడ రూములో పదిమందిమి కదా, అలవాటైపోయింది. ఏడు నా మంచం నంబరు," అని నవ్వారు.

నాకు ఒళ్ళు మండింది. అరచెయ్యి చాపాను. "అయితే దీనిమీదా రాయండి. ఇదీ మీదేనని గుర్తుంటుంది."

ఆయన నవ్వు మానేసి, నా చెయ్యి పట్టుకుని నిదానంగా పేరు రాశారు. మార్కరుకి మూత పెట్టబోయి, ఏదో మరిచిపోయినట్టు ఆగి, పక్కన ఏడు కూడా వేశారు.