తాత రాయి ఉన్న ఊరు

పదకొండు గంటలకు విచారణకు వస్తానన్న రెవెన్యూ ఆఫీసు ఆర్.ఐ. మూడు దాటినా రాలేదు. జోగా ఆ ఉదయం జూలూరుపాడు వైపు చేలల్లో పత్తి గింజలు పెట్టడానికి వెళ్లి, పది గంటలకే పని వదిలేసి తునికిగుంపుకు తిరిగొచ్చాడు. పొద్దంతా చేస్తే మూడు వందల యాభై ఇస్తారు. మధ్యలో లేచిపోయినవాడికి రైతు పైసా ఇవ్వలేదు. జోగా మారుమాట్లాడకుండా వచ్చేసి, గుడిసె ముందు కూర్చొని, కూతురు చెప్పే పాఠం వింటున్నాడు.

"ఊరేదని అడిగితె ఏమంటవ్ అయ్యా?"

"తునికిగుంపు."

"ఇంకేమన్న అడిగితె?"

"తునికిగుంపే అంట."

ఇంట్లో ఎప్పుడూ కోయలో మాట్లాడుకునే తండ్రీకూతుళ్లు ఆ రోజు అతను పని నుంచి వచ్చినప్పటి నుంచి తెలుగు వల్లె వేస్తున్నారు. కూతురు దేవే పదో తరగతిలో ఆరు వందలకు నాలుగు వందల ఎనభై ఏడు తెచ్చుకుంది. ముప్పై గుడిసెల ఆ గుంపులో పది గట్టెక్కిన మొదటి పిల్ల. గిరిజన బాలికల కాలేజీలో బైపీసీ సీటు వచ్చింది. రేపు సాయంత్రం ఐదింటిలోగా కులం సర్టిఫికెట్ చూపించకపోతే ఆ సీటు మరొకరికి పోతుంది. రెండు నెలల క్రితం పెట్టుకున్న దరఖాస్తు ఇవాళ్టికి విచారణదాకా వచ్చింది.

వీళ్లను గుత్తికోయలంటారు. పందొమ్మిదేళ్ల క్రితం ఛత్తీస్‌గఢ్‌లో రెండు వైపులా తుపాకులు లేచినప్పుడు, కాలిపోతున్న ఇళ్లను వదిలి, అడవి వెంట నడిచి ఇటు వచ్చారు. దేవే ఆ తర్వాత నాలుగేళ్లకు ఇక్కడే పుట్టింది. ఎన్నికలు వస్తే జీపులేసుకొని వచ్చి ఓటడుగుతారు. ఆధార్ కార్డుకు వేలిముద్రలు తీసుకున్నారు. కులం మాత్రం సరిహద్దు అవతలే వదిలేసి రావాలట. కొండకు అటువైపు గిరిజనుడైనవాడు ఇటువైపు దిగేసరికి ఏమవుతాడో ఆ రూలు రాసినవాళ్లకే తెలియాలి.

నాలుగు కావస్తుండగా ఆర్.ఐ. వాసు బండి మీద వచ్చాడు. వెనక నాగక్క కూర్చొని ఉంది. పక్క ఊరి కోయల్లో పెద్దమనిషి, పాత వార్డు మెంబరు. వీళ్లు కోయలేనని, ఇక్కడివాళ్లేనని స్థానిక కోయ పెద్ద ఒకరు సాక్ష్యం చెప్పాలి. నాగక్కదీ జోగాదీ ఒకే గట్టు, అంటే ఒకే గోత్రం, వరసకు అక్కాతమ్ముళ్లు. ఆమెను చూడగానే దేవేకు ప్రాణం లేచివచ్చింది.

వాసు చెడ్డవాడు కాడు. మంచినీళ్లు ఇస్తే తాగాడు, పిల్ల మార్కులు చూసి మెచ్చుకున్నాడు. అతని తాత కరీంనగర్ వైపు నుంచి కొత్తగూడెం బొగ్గు బాయి పనికి వచ్చినవాడు. మూడు తరాలుగా ఆ కుటుంబాన్ని మీ సొంతూరేదని ఏ ఆఫీసరూ అడగలేదు.

"చెప్పు జోగయ్యా, మీ ఊరేది?"

"తునికిగుంపు సార్."

దేవే ఊపిరి పీల్చుకుంది. వాసు రాసుకున్నాడు. "నాగక్కా, నీకు తెలిసినోళ్లేనా? మీ కోయలేనా, ఈడోళ్లేనా?"

 నాగక్క జోగా వైపు తిరిగి కోయలో అడిగింది. "తమ్ముడూ, మీ నాయన రాయి ఎక్కడుంది?"

ఆ ప్రశ్నను దేవే ఊహించలేదు. కోయవాడి ఊరు వాడి పెద్దలకు రాళ్లు పాతిన ఊరు. చచ్చిపోయినవాడు ఆ రాయి దగ్గరే ఉంటాడు. సర్కారు అడిగితే ఎన్నైనా చెప్పవచ్చు, సొంత మనిషి ఆ ప్రశ్న అడిగితే అబద్ధమాడటానికి నోరు రాదు.

జోగా నాయన ఈ గుంపులోనే, ఏడేళ్ల కిందట, జ్వరంతో పోయాడు. ఇక్కడి మట్టిలోనే కలిపారు. రాయి మాత్రం ఇక్కడ పాతలేదు. ఎప్పటికైనా వెనక్కి వెళ్లిపోతాం కదా, అప్పుడు ముసలాయన ఒక్కడూ ఇక్కడ మిగిలిపోతాడు అనుకున్నారు. మరుసటి ఎండాకాలం మూడు రోజులు నడిచి వెళ్లి, పాత ఊళ్లో, కూలిన ఇళ్ల మధ్య రాయి నిలబెట్టి, కోడిని కోసి వచ్చారు. ఆ ఊళ్లో ఇప్పుడు మనుషులు లేరు.

"కొర్రగూడలో ఉంది అక్కా," అన్నాడు జోగా. తండ్రిని అనాథగా వదిలేయని కొడుకు గర్వం ఆ గొంతులో వినిపించింది.

"ఏమంటుండు?" అన్నాడు వాసు.

"ఆళ్ల ఊరు కొర్రగూడనట సార్. ఛత్తీస్‌గఢ్ల," అంది నాగక్క.

"నేను ఈడనే పుట్టిన సార్!" దేవే ముందుకొచ్చింది. "అంగన్‌వాడీ కార్డు ఉంది. ఒకటి నుంచి పది దాక ఈడనే సదివిన."

"నువ్వు పుట్టింది కాదు బిడ్డా, మీ అయ్య యాడోడు అన్నదే చూస్తరు. పెద్దమనిషి చెప్పినంక నేనేం జేయాలె?"

దేవే నాగక్క దగ్గరకు వెళ్లింది. "అత్తా, ఒక్క మాట చెప్తే అయిపోతుండె గదా. ఎందుకు అడిగినవ్ గట్ల?"

"నేను అబద్ధమేం ఆడలే." నాగక్క ముఖం తిప్పుకోలేదు. "పోయిన మిర్చికి రోజుకు నాలుగు వందలిస్తెనే ఏరుతమని మా ఊరోళ్లం పని బంద్ పెట్టి కూసున్నం. ఏన్కూరు రైతులు మీ గుంపుకు ట్రాక్టర్ తోలిండ్రు. రెండు వందల యాభైకే ఎక్కి పోయిండ్రు మీరు. మా ఇండ్లల్ల వారం పొయ్యి ఎలగలే. ఉన్నయే గిన్ని సీట్లు. గవి గూడ మీకే ఇడ్సాల్నా?"

 ఆ ట్రాక్టర్ అమ్మతోపాటు దేవే కూడా ఎక్కింది. ఎక్కకపోతే ఇంట్లో బియ్యం లేవు. నాగక్క ఊరి ఆకలీ నిజమే, ఈ గుంపు ఆకలీ నిజమే. రెండు ఆకళ్లకూ మధ్య ట్రాక్టర్ నడిపించి లాభం చేసుకున్నవాడి పేరు ఆ విచారణలో ఎవరూ అడగలేదు, ఏ కాగితంలోకీ ఎక్కలేదు.

వాసు వాంగ్మూలం రాసి ముందుకు జరిపాడు. "తండ్రి వేలిముద్ర, కింద నీ సంతకం." జోగా అప్పటికే స్టాంపు ప్యాడ్ అందుకున్నాడు. సర్కారు కాగితం కనబడితే బొటనవేలు చాపడం ఈ పందొమ్మిదేళ్లలో అతనికి బాగా అలవాటైంది.

దేవే చదివింది. తాము ఛత్తీస్‌గఢ్ రాష్ట్రానికి చెందినవారమని, కూలి నిమిత్తం తాత్కాలికంగా ఇచ్చట ఉంటున్నామని తన పేరుతోనే రాసి ఉంది.

"తాత్కాలికంగ అంటే ఎన్నేండ్లు సార్?"

"అది ఫార్మాట్. అందరికి గట్లనే రాస్తం. జల్దీ పెట్టు, మబ్బు పట్టింది."

"నేను పెట్ట సార్."

వాసు తలెత్తాడు. "పెట్టకపోతె ఫైలు ఈడనే మూస్తరు. పెడితె పై ఆఫీసుల అర్జీ అన్న పెట్టుకుంటవ్."

"నేను ఈడికి రాలే సార్, ఈడ పుట్టిన. రాని దాన్ని వచ్చిన అని నా చేతుల్తోని నేను రాసియ్య. మా అయ్యను గూడ ముద్ర ఎయ్యనియ్య." తండ్రి చేతిలోని ప్యాడ్ తీసుకొని మూత పెట్టింది.  ఏం పోగొట్టుకుంటున్నదో ఆమెకు తెలుసు.

 వాసు కాగితం అడుగున రాస్తూ పైకి చదివాడు. "దరఖాస్తుదారు సంతకం చేయుటకు నిరాకరించినది."

"అది నిజమే సార్. అట్లనే ఉంచుండ్రి."

నిరాకరించినందుకు సాక్షి కావాలన్నాడు వాసు. దేవే చేతిలోని ప్యాడ్ అడిగి తీసుకొని, నాగక్క వేలిముద్ర వేసింది. పిల్ల ముఖం చూడకుండా వెళ్లి బండెక్కింది.

బండి చప్పుడు అడవిలో కలిసిపోయింది. జోగా ముఖం వెలిగిపోతోంది. కూతురు ఆఫీసరుకు ఎదురు నిలిచి గట్టిగా మాట్లాడింది, ఆ తర్వాత సారు మళ్లీ ఏదో రాశాడు, నాగక్క ముద్ర వేసింది. తెలుగులో నడిచిన మాటలు సగం కూడా అందని అతను పని అయిపోయిందనే అనుకున్నాడు.

"రేపు కాలేజీకి ఎన్నింటికి పోవాలె బిడ్డా?" అని కోయలో అడిగాడు. "నేను గూడ వస్త."

దేవే తండ్రి పక్కన కూర్చుంది. 

"పోయేది లేదయ్యా," అంది.