ఒంటికి జిడ్డు తగలరాదన్న మాట

చికున్‌గున్యా దివిసీమనంతటినీ మంచాన పడవేసిన సంవత్సరమది. కోడూరులో జ్వరం దిగినవారు సైతం కీళ్లు పట్టేసి గోడలు పట్టుకుని నడుస్తున్నారు. అయినా కార్తీకం రాక మానలేదు. ఊరివారు వనభోజనాలు మానుకోనూ లేదు.

ధర్మారావు గారు గుడివాడలో తెలుగు పండితులుగా పనిచేసి విరమించినవారు. కార్తీకమాసమంతా ఊరివారికి పురాణం చెప్పడం ఆయన నియమం. ఆయన మాటకు ఊళ్లో ఎదురు లేదు. ఇంట్లో అసలే లేదు. భార్య సువర్ణమ్మ ఆ మాటను శాస్త్రంకంటె ఒక మెట్టు పైననే ఉంచుకునేది.

ఆమె గుండె బలహీనమైనది. మచిలీపట్నం వైద్యుడు ఆయనను పక్కకు పిలిచి, "మాస్టారూ, ఈ గుండెకు ఆ జ్వరం తగలనివ్వకండి. తగిలితే నా చేతుల్లో ఏమీ ఉండదు" అన్నాడు. అది పగలే కుట్టే దోమ అనీ, ఒళ్లు కప్పుకోవాలనీ, కప్పలేని చోట దోమల క్రీము రాయాలనీ చెప్పాడు. నాటి నుంచి ధర్మారావు గారు పెరట్లో నీరు నిలిచిన ప్రతి పాత్రనూ స్వయంగా బోర్లిస్తూ వచ్చారు.

వనభోజనాల నాడు ఉసిరి తోటలో జంపఖానాలు పరిచారు. చెట్టు మొదట దీపం వెలిగింది. పనసకాయ కూర ఘుమఘుమలు గాలిలో తేలివస్తున్నాయి. వానలకు తోట గట్టున ఎవరో విడిచిన కొబ్బరి చిప్పల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. కోడలు ఇంద్రజ వాటిని ఒక్కొక్కటే కాలితో దొర్లించి వచ్చి, అత్తగారి ముందు చతికిలబడింది.

"పొడుగు చేతుల జాకెట్టు వేసుకున్నారు, బాగానే ఉందండీ. మరి పాదాలో? మెడో? ఈ క్రీము కాస్త రాసుకోండి అత్తయ్య గారూ."

"కార్తీకంలోనా! రామ రామ! మొన్న పాడ్యమి నాడు మీ మావయ్య గారు చెప్పింది వినలేదూ?"

"అది తలంటు గురించి కదండీ."

"జిడ్డు జిడ్డేనే. తలకైతేనేం, కాలికైతేనేం?"

పక్కన విస్తళ్లు తుడుస్తున్న పొరుగింటి భూషణం నవ్వాడు. "పిన్ని గారూ, మనకే ఈ ఉపవాసాలు. దోమలకి నెలంతా సంతర్పణే!"

అందరూ నవ్వారు. ధర్మారావు గారు నవ్వలేదు. శాస్త్రం నిషేధించినది తైలాభ్యంగనాన్ని. 'ఒంటికి జిడ్డు తగిలితే చాలు, నెల ఫలమంతా పోతుంది' అన్నది పాడ్యమి నాడు ప్రసంగం రక్తి కట్టడానికి ఆయన స్వయంగా చేర్చిన మాట. సభ తలలూపింది. ఆ క్షణాన ఆయనకు ఎంతో తృప్తి కలిగింది.

"సువర్ణా, ఇంటికి పోదాం పద" అన్నారు మెల్లగా.

"ఇంట్లో దోమలు లేవాండీ? ఇన్నేళ్లలో ఒక్క వనభోజనమూ మానలేదు నేను."

ఆమె చీర అంచు కింద, చీలమండ మీద తెల్లచారల కాళ్ల దోమ ఒకటి వాలింది. ఆయన కండువాతో విదిల్చారు. అది లేచి, అక్కడే తిరిగి, మళ్లీ వాలబోయింది.

ఆయన లేచి నిలుచున్నారు. పురాణం మొదలవుతుందనుకుని అందరూ సర్దుకుని కూర్చున్నారు.

"అమ్మల్లారా, అయ్యల్లారా! పాడ్యమి నాడు నేనొక మాట అన్నాను, ఒంటికి జిడ్డు తగలరాదని. అది శాస్త్రవచనం కాదు, నేను అతికించినది. నిషిద్ధమైనది తలంటుస్నానం. ప్రాణాన్ని కాపాడుకోవడానికి పూసుకునేదాన్ని ఏ ధర్మమూ వద్దనలేదు. నా మాట పట్టుకుని ఎవరైనా ఒళ్లు దోమలకు అప్పగించి ఉంటే ఆ దోషం నాది."

సువర్ణమ్మ కళ్లు చెమర్చాయి.

"నా మూలాన పదిమందిలో మాట వెనక్కి తీసుకున్నారా? ఆ పాపం నాకొద్దు. నేను రాసుకోను."

ఆయన ఇంద్రజ చేతిలోని ట్యూబు అందుకుని, భార్య ముందు నేల మీద కూర్చున్నారు. ఆమె కుడి పాదాన్ని పట్టుకున్నారు.

"అయ్యయ్యో! ఏమిటండీ ఇది! అందరూ చూస్తున్నారు, వదలండి. నా కాళ్లు మీరు పట్టుకోవడమేమిటి?"

"చూడనీ. మాటతో చేసిన తప్పు మాటతోనే పోతుందనుకున్నాను. పోలేదు."

"ఇటివ్వండి, నేనే రాసుకుంటాను!"

"నువ్వు వంగలేవు. ఆయాసం వస్తుంది. కదలకు."

ఆమె పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన మడమలకూ వేళ్ల సందులకూ శ్రద్ధగా పూశారు. ఆ పైన మెడకు రాయమని ట్యూబు కోడలికి ఇచ్చారు. భూషణం నవ్వు మాని విస్తరి పక్కన పెట్టాడు. తన తల్లికి రాయడానికి, "కాస్త మాకూ ఇవ్వమ్మా" అంటూ ఇంద్రజ వైపు చెయ్యి చాచాడు.

ఆ మధ్యాహ్నం ధర్మారావు గారు పురాణం చెప్పారు. చేతులకు క్రీము అంటి ఉండడంతో పుస్తకాన్ని ఆయన ముట్టుకోలేదు. పక్కన కూర్చున్న సువర్ణమ్మ ఒక్కొక్క పుటా తిప్పింది.