చెలకలో దొరికినవి

వాన వెలిసింది.

ఎర్రమట్టి వాసన... తడిసిన గరిక వాసన... గట్టు అవతల ఎక్కడో తడిసిన మేకల వాసన.

చెలక నిండా సన్నని నీటిపాయలు. మట్టిని కడుగుతూ, ఇసుకను వేరు చేస్తూ, గులకరాళ్లను పక్కకు తోస్తూ పల్లానికి జారిపోతున్నాయి. ఆ పాయల అంచుల్లో అక్కడొకటి ఇక్కడొకటి మెరుస్తున్నాయి —

పెంకులు.

లోపల నలుపు. బయట ఎరుపు.

రూప వంగి ఒకటి తీసింది. కొంగుతో తుడిచింది. గోటితో గీకి చూసింది. నలుపు రాలేదు. అది మసి కాదు. వానలో తడిసిన నేరేడుపండుకుండే నిగారింపు దానికి ఉంది.

ఎవరి కుండ ఇది?

గాలి తప్ప ఎవరూ లేరు అక్కడ. గాలికి ఆ సంగతి పట్టలేదు.

రామన్నపేట దాటి లోపలికి, బండల బాట చివర ఉంది ఆ చెలక. రూపది, బెంజమిన్‌ది. చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో రూప సీసాలు కడుగుతుంది. బెంజమిన్ ఊళ్లో వాళ్లకు గోడలు కడతాడు. ఏళ్ల తరబడి ఆ రెండు పనులూ కలిస్తే ఈ ఎర్రమట్టి అయింది.

బెంజమిన్ తాత జీతగాడు. తండ్రి జీతగాడు. తల్లి సైదమ్మ పుట్టిందగ్గర నుంచి కూలి. ఆ ఇంట్లో ఎవరి పేరు మీదా జానెడు నేల లేదు.

ఇదే మొదటిది.

కొన్న రోజు సైదమ్మ చెప్పులు విడిచి నడిచింది. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా. పల్లేరు ముల్లు గుచ్చుకుంటే కాలు పైకెత్తి తీసింది. వేళ్ల మధ్య పట్టుకుని చాలాసేపు చూసింది.

"గిది గూడ మనదే" అంది.

తూర్పు మూలన పెద్ద పెద్ద గుండ్లు. ఎవరో చేతులు పట్టుకుని నిలబడ్డట్టు గుండ్రంగా. వాటి నడుమ సీతాఫలం పొదలు, ఎండిన గడ్డి. ఆ మూల నుంచే వస్తున్నాయి పెంకులు. ప్రతి వానకూ కొన్ని.

ప్రతి వానకూ రూప వెళ్లేది. ప్రతి వానకూ కొంగులో మూట కట్టుకు వచ్చేది.

రాళ్ల పిచ్చి ఆమెకు కొత్తది కాదు. పుట్టింది మేళ్లచెరువులో. తండ్రి సున్నపురాయి గనిలో పని చేసేవాడు. సాయంత్రం వచ్చి చొక్కా జేబులోంచి బిడ్డ అరచేతిలోకి ఒక రాయి జారవిడిచేవాడు. వాటిలో ఒకదాని మీద ఆకు ఉండేది — నల్లని, సన్నని, ఈనెలు ఈనెలుగా విడిపోయిన ఆకు. ఒకప్పటి చెట్టు రాయిలో ఇరుక్కుపోయిందని తండ్రి చెప్పాడు. రూప నమ్మింది. పెళ్లయి వచ్చేటప్పుడు చీరల మడతల్లో దాన్ని తెచ్చుకుంది. మరొకటి కూడా తండ్రే ఇచ్చాడు, వద్దన్నా వినకుండా. బరువైనది, బూడిదరంగుది, వంకర వంకర గీతలది, చూడ్డానికి కోసిన క్యాబేజీలా ఉండేది. అందం లేదు. అత్తగారింట్లో అది మామిడికాయ తొక్కు జాడీ మూత మీద బరువుగా స్థిరపడింది.

ఇప్పుడు ఈ పెంకులు.

పాత పెయింటు బకెట్టు నిండింది. బెంజమిన్ చూశాడు. ముఖం మారింది.

"పారెయ్ రూపా."

"ఎందుకు?"

"పాతకాలపు కుండలు దొరికినయని తెలిస్తే ఆఫీసులోల్లు వచ్చి తాడు కడ్తరంట. పక్క చెలక మల్లన్న చెప్పిండు. మనం గట్టు మీద నిలవడి చూడాల్నంట."

రూప బకెట్టును గోడ వారకు జరిపింది.

"ఆ గుండ్లు గూడ తీపిస్త. జేసీబీకి చెప్పిన. నేల ఆరంగనే వస్తడు. ఆ మూల సదునైతే బత్తాయి పెట్టొచ్చు."

అతనికి కోపం లేదు. భయం. ఆ భయం మల్లన్న మాటతో పుట్టింది కాదు. ఎప్పుడూ ఎవరి నేల మీదో నిలబడి, ఎవరో పొమ్మంటే పోయిన మనుషుల భయం అది. రూపకు తెలుసు. ఆమె తండ్రి కళ్లలోనూ అదే ఉండేది.

అందుకే ఎదురు చెప్పలేదు.

కానీ బకెట్టు పారేయలేదు.

కంపెనీ బస్సులో పక్క సీటు మల్లిక ఫోను చూపించింది. నల్లగొండలో అమరేందర్ అని ఒక సారు, కాలేజీలో చరిత్ర చెబుతాడు. ఎవరేం పంపినా చూసి, అదేమిటో రాస్తాడు. నాణేలు, రాళ్లు, విరిగిన విగ్రహాలు... రూప ఒక పెంకు ఫోటో పంపింది. సాయంత్రానికి జవాబు వచ్చింది.

"మంచి ముక్క. ఎక్కడ దొరికిందమ్మా?"

ఎక్కడ?

వేలు అక్షరాల మీద ఆగింది. ఆగి... ఫోను చీకటైంది. ఆ రోజు జవాబివ్వలేదు. మర్నాడూ ఇవ్వలేదు.

నేల ఆరుతోంది. గుండ్ల మీద పచ్చని నాచు ఎండి బూడిదరంగుకు తిరుగుతోంది. ఇక జేసీబీ వస్తుంది.

రూప పొయ్యి దగ్గర నుంచే చెప్పింది. "రేపు నల్లగొండ పోతున్న. అత్తమ్మకు కండ్ల దవాఖానల చూపియ్యాలె. ఆ సారును గూడ కలుస్త."

బెంజమిన్ అన్నం కలుపుతూ ఆగాడు. కాదని అనలేదు.

"ఊరు పేరు చెప్పకు."

"చెప్ప."

అంతే. ఆ ఒక్క మాట మీద ఇద్దరూ నిలబడ్డారు.

అమరేందర్ సారు ఇంటి వరండాలో పాత పేపరు పరిచారు. కళ్లలో మందు వేసుకున్న సైదమ్మ నల్లద్దాలు పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. రూప బ్యాగులోంచి ఒక్కొక్కటీ తీసి పెట్టింది.

అన్నిటికన్నా ముందు తనకు ఎంతో ఇష్టమైనది. గోధుమరంగులో, అద్దంలా నున్నగా, అంచు ఒంపు తిరిగిన ముక్క. బట్టలో చుట్టి తెచ్చింది. ఏ రాణి చేతి గాజో అనుకుంది.

సారు తిప్పి తిప్పి చూశాడు. నవ్వు ఆపుకున్నాడు.

"ఇది కరెంటు స్తంభం మీది పింగాణి చిప్పమ్మా. గాలికి పడి పగిలుంటది."

రూప ముఖం ఎర్రబడింది. ముందు సైదమ్మ నవ్వింది, నల్లద్దాల కింద భుజాలు కదిలేలా. ఆ తర్వాత రూప. ఆ తర్వాత సారు.

ఆ నవ్వుతో వరండా తేలికయింది.

పెంకుల్లో కలిసి దొరికిన నున్నటి నల్లరాయి, నాలుక ఆకారంలో ఉన్నది, చేతికి తీసుకున్నాడు.

"గది పిడుగు రాయి" అంది సైదమ్మ. "పిడుగు పడ్డకాడ దొరుకుతయి."

"మా అవ్వ గూడ గట్లనే అనేది" అన్నాడు సారు. రూప వేలు పట్టుకుని రాయి అంచు మీద ఆనించాడు. "చూడుండ్రి. ఎవరో కూర్చుని ఇంకో రాయి మీద నూరిన్రు. ఇది గొడ్డలి. ఇనుము రాక ముందుది."

రూప వేలు ఆ అంచు మీద వెళ్లింది. వచ్చింది. పదును ఇంకా ఉంది. వేల వానల్లో తడిసినా ఉంది.

పెంకులు చూసేటప్పుడు సారు మాట తగ్గింది. ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టాడు. ఎరుపు చూశాడు. నలుపు చూశాడు. ఆ కుండలు వండుకునేవి కావేమో అన్నాడు. ఎవరైనా చనిపోతే వాళ్లతో పాటు నేలలో పెట్టేవి కావచ్చు. వాటి చుట్టూ గుండ్లు గుండ్రంగా నిలబెట్టేవాళ్లు. రెండు వేల ఏళ్ల పైమాటే.

గుండ్ల మాట రూప చెప్పలేదు. ఆయనే అన్నాడు.



తండ్రి రాయి చివరికి మిగిల్చింది. ఆకున్న రాయి. సారు దాని మీద వేలితో రాసి చూశాడు.

"ఇది ఆకు కాదమ్మా. రాయి పగుల్ల నీళ్లు ఇంకినప్పుడు ఖనిజం పేరుకుంటది. గట్ల ఆకు లెక్క పరుచుకుంటది. నీళ్లు గీసిన బొమ్మ."

ఆకు కాదు.

ఎప్పుడూ ఏ చెట్టుకూ చిగురించలేదు. ఏ గాలికీ ఊగలేదు. రూప కాసేపు దాన్నే చూసింది. చిత్రంగా, బాధ అనిపించలేదు. నీళ్లు గీశాయా... ఎవరూ చూడని చోట, అంత ఓపికగా, ఒక్కో ఈనె...

"గీ రాయి ఎక్కడిది?" సారు అడుగుతున్నాడు. ఆయన చేతిలో జాడీ మీది రాయి ఉంది. రాళ్లన్నీ చూపిస్తున్నప్పుడు ఇదొక్కటే ఎందుకు మిగలాలని సైదమ్మే బ్యాగులో వేసింది.

"మా పుట్టిల్లు. మేళ్లచెరువు. అది ఉత్త రాయి సార్."

సారు కళ్లజోడు తీసి దగ్గరగా చూశాడు. వంకర గీతలు. ఒకదాని మీద ఒకటి, పొర మీద పొర.

"నాకు ఖాయంగా తెల్వదు. నేను చరిత్ర మనిషిని, ఇది నాకన్న పాతది. కానీ సముద్రంల నాచు లాంటిది పొరలు పొరలుగా పెరిగి రాయైతే గిట్ల ఉంటదని విన్న. చెట్టు లేదు, చేప లేదు, అప్పటిది. తెలిసినోల్లకు ఫోటో పంపుత."

తొక్కు జాడీ మీద ఇన్నేళ్లూ... సముద్రమా?

లేచే ముందు రూప అడిగింది. "గుండ్లు తీస్తే ఏమైతది సార్?"

ఆయన చేతిలోని రాయిని పేపరు మీద పెట్టాడు.

"అక్కడ ఎవరినో పండవెట్టి పోయిన్రు. తీస్తే, ఎవరన్నది ఇంకెన్నడూ తెల్వదు."

"చెప్తే మా భూమి పోతదా?"

"పోదని మాటియ్యలేను. పోంగ నేనైతే చూడలే. మీరు చెప్పమన్నప్పుడే చెప్త. అప్పటిదాక నేను అడగ."

బస్సులో సైదమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. చూపు మసకగా ఉన్నా బయటికే చూస్తోంది. గుట్టలు పోతున్నాయి. ప్లాట్ల రాళ్లు పోతున్నాయి. గుండ్లు పోతున్నాయి...

జేసీబీ వచ్చింది. పసుపుపచ్చగా, పొగలు కక్కుతూ, చెలక అంచున నిలబడింది. బెంజమిన్ తూర్పు మూల వైపు చెయ్యి చూపించాడు. రూప అతని పక్కకు వెళ్లి నల్లగొండలో విన్నదంతా చెప్పింది. ఏదీ పెంచలేదు, ఏదీ దాచలేదు. పోదని మాటివ్వలేనన్న మాట కూడా చెప్పింది.

బెంజమిన్ విన్నాడు. "మాటియ్యలేనన్నడు గద" అన్నాడు.

అప్పుడు చూశారు ఇద్దరూ. సైదమ్మ పొదలు తప్పించుకుంటూ గుండ్ల నడుమకు పోయింది. గడ్డి మీద చతికిలబడింది.

"అమ్మా, పక్కకు రా. మిషన్ వస్తది."

ఆమె కదల్లేదు. ఒక గుండుకు వీపు ఆనించింది.

"నేను కూలికి పోయిన చెలకల గూడ గిసొంటి గుండ్లే ఉండె" అంది, నింపాదిగా. "దొర చింత కింద కూసుంటే లెవ్వమందురు. బాయి గడ్డ మీద కూసుంటే లెవ్వమందురు. ఆ గుండ్ల నడుమకైతే ఎవలు రాకపోదురు. దయ్యాలుంటయని భయం. మాకు ఆకలాయె, మాకేం భయం... ఆడ కూసొనే సద్ది తింటిమి. నీకు పాలిచ్చింది గూడ గిసొంటి జాగలనే."

ఇంజిన్ గుర్రుమంటోంది.

"లెవ్వమననిది గీ గుండ్ల కింద పండుకున్నోల్లొక్కల్లే కొడుకా. ఇయ్యాల మనం గీల్లను లెవ్వమంటమా?"

బెంజమిన్ తల్లిని చూశాడు. గుండ్లను చూశాడు. ఎన్ని గోడలు కట్టాడో అతను — రాయి మీద రాయి ఎలా కూర్చుంటుందో చేతులకు తెలుసు. దగ్గరికి వెళ్లి ఒక గుండు మీద అరచెయ్యి పెట్టాడు. కింద చిన్న రాళ్లు ఎడం లేకుండా దట్టించి ఉన్నాయి. ఎవరో మేస్త్రీ. మోకాళ్ల మీద కూర్చుని, ఈ ఎండలోనే...



తర్వాత జేసీబీ దగ్గరికి నడిచాడు. డ్రైవరుతో ఏదో అన్నాడు. పసుపు చెయ్యి పైకి లేచి, పక్కకు తిరిగి, పడమటి బండల వైపు వెళ్లింది.

ఇప్పుడు చెలకలో బత్తాయి మొక్కలు. మోకాలెత్తు. వరసలు తిన్నగా వచ్చి తూర్పు మూల దగ్గర ఒంపు తిరిగి పోతాయి.

జాడీ మీది రాయి సంగతి సారు ఇంకా చెప్పలేదు. తెలిసినవాళ్లు ఇంకా చూస్తున్నారట. చూడనీ. అది మళ్లీ జాడీ మూత మీదికి చేరింది. రూప తొక్కు తీసేటప్పుడు దాన్ని ఇదివరకటిలా గభాలున పక్కన పెట్టదు.

ఎక్కడ దొరికిందమ్మా — ఆ ప్రశ్న ఫోనులో అలాగే ఉంది. అప్పుడప్పుడూ తెరిచి చూస్తారు, ఇద్దరూ కలిసి. చెప్దామా అంటుంది ఆమె. చూద్దాం అంటాడు అతను. ఆ చూద్దాంలో ఇదివరకటి భయం లేదు. పూర్తిగా పోనూ లేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక ముగ్గురూ చెలకకు వస్తారు. గుండ్ల నడుమ టిఫిన్ డబ్బాలు విప్పుతారు. జొన్నరొట్టె, పచ్చిపులుసు. గడ్డిలో చీమలు. సీతాఫలం ఆకుల చేదు వాసన. కింద ఎవరో... ఆడో మగో, పెద్దో చిన్నో... పైన వీళ్లు.

తిన్నాక సైదమ్మ కొంగు పరుచుకుని పక్కకు ఒరిగింది. కళ్లు మూతపడ్డాయి. గుండు నీడ ఆమె పాదాల మీద నుంచి మెల్లగా జరుగుతోంది. దక్షిణాన మబ్బు కమ్ముతోంది. చల్లగాలి ఒకటి మట్టిని తాకి లేచింది.

"వాన వచ్చేటట్టుంది" అన్నాడు బెంజమిన్. "లేపనా?"

రూప అత్త ముఖం చూసింది.

"ఉండనీ."