వేడెక్కిన ఫోన్‌లో శాంతి గొంతు

డోర్నకల్‌లో రిటైరైన రైల్వే గ్యాంగ్‌మన్ దేవదాసుకు ఆ రోజు ఒకటే ఆశ. భార్య శాంతి పోయి ఏడాదైంది. సాయంత్రం ఇంటి ముందు జ్ఞాపకార్థ కూడిక. అందరూ కూర్చున్నాక ఆమె గొంతు మైకులో వినబడాలి.

ఆమె పాడింది ఒక్క పాటే మిగిలింది. రికార్డు చేసిన మానుకోట స్టూడియో మూతపడింది. పాట ఒక యాప్‌లో ఉంది కానీ, ఆ యాప్ ఇప్పుడు కొత్తగా ఎవరికీ పాటలివ్వడం లేదు. శాంతి పాత ఫోన్‌లోకి దిగిన పాట ఆ ఫోన్‌లోనే ఆడాలి. అదేమో పల్లవి దాటగానే నత్తి కొడుతుంది, పెనంలా కాలుతుంది, ఆగిపోతుంది.

పొద్దున్నే ఫోన్ల దుకాణం మహేందర్ దగ్గరికి పోయాడు.

“పాటకు తాళమేసిండ్రు బాపు, ఎవలు కాపీ కొట్టకుండ. ఆడినంతసేపు ముక్కముక్కకు తాళం తీసుకుంట పోవాలె. గీ ముసలి ఫోన్‌కు గంత దమ్ము లేదు.”

“నా పెండ్లాం పాట నేను విననీకి తాళమేందిరా? నేనేమన్న దొంగనా?”

“కాదని ఫోన్‌కేం ఎరుక?” నవ్వబోయిన మహేందర్ ఆయన మొహం చూసి ఆగాడు. “జర చల్లగ ఉంచు బాపు. ఒక్కసారి పూర్తిగ ఆడితే చాలు, నా ఫోన్‌ల రికార్డు పట్టేస్త. ఇగ ఎప్పటికీ ఉంటది.”

చల్లగా ఉంచడం దేవదాసుకు ఒకరు నేర్పాలా? ఎండాకాలం పట్టాల మీద పనికి పోతే నీళ్లసీసాకు తడిగుడ్డ చుట్టి వేపకొమ్మకు వేలాడదీసేవాళ్లు. ఆ గుడ్డ శాంతే చింపి ఇచ్చేది. ఇప్పుడామె పాత చీరలోంచి తనే ఒక పేలిక చింపాడు. తడిపి, పిండి, ఫోన్‌కు చుట్టి, నీళ్ల కుండ పక్కన భద్రంగా పెట్టాడు.

సాయంత్రం కుర్చీలో శాంతి ఫొటో, దండ, ముందు మైకు. కూతురు మనీషా గుడ్డ విప్పింది.

“నాయినా, గిదేంది? నీళ్లు లోపలికి పోయినయి!”

“చల్లగైందా లేదా బిడ్డా?”

మనీషా బటన్ నొక్కుతూనే ఉంది, తెర వెలగలేదు. మహేందర్ తీసుకుని చూసి, తిరిగి దేవదాసు చేతిలోనే పెట్టాడు.

చర్చి స్త్రీల సమాజం వాళ్లు లేచి ఆ పాటే అందుకున్నారు. రెండు చరణాలు పాడారు. మూడోది శాంతి సొంతంగా కట్టుకున్నది, వాళ్లకు రాదు. ఆగి, దేవదాసు వైపు చూశారు.

రోజూ పొయ్యి దగ్గర ఆమె పాడుకున్న చరణమే. రాగం గొంతుదాకా వచ్చింది. మాటలు ఒక్కటీ రాలేదు.

ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. చల్లగా ఉంది.