రైలు చప్పుడు లేని పాటలు

టైలరు మాస్టారికి కోపమొస్తే మెడలో టేపు తీసి బల్ల మీద విసిరికొడతాడు. ఆ పొద్దున కొట్టు తెరిచిన దగ్గర్నుంచీ టేపు మెడలో నిలవలేదు. గిరాకీ లేక కాదు, ఎవరో ప్యాంటు పొట్టిదైందని తగువుకు వచ్చీ కాదు. గాలివాన బృందం కొత్త ఆల్బం వచ్చింది. అదీ సంగతి.

గాలివాన అంటే ఆ కొట్లో మాటలు కాదు. గోడ మీద ఆ నలుగురి బొమ్మ ఉంటుంది. దాని కింద గిరాకీవాళ్ళెవరూ చెమట తల ఆనించకూడదు. ఆ గాయకుడిని చూసే మాస్టారు మీసం పెంచాడు. "నీ మొహానికి అది అరువు తెచ్చుకున్నట్టుంది" అని భార్య అంటే, కళ విలువ తెలియనివాళ్ళతో వాదనేమిటని ఊరుకున్నాడు.

వాళ్ళ పాత ఆల్బం 'మూడో ప్లాట్‌ఫారం'. మాస్టారూ, ఆయన బావా ఎదురెదురుగా కూర్చుని కాలు మిషన్లు తొక్కుతూ ఏళ్ళ తరబడి అదే విన్నారు. బావ అంటే అక్క మొగుడు, కొట్లో సగం వాటాదారు. కాలరు కుట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఇద్దరికీ ఆ ఆల్బంలో ప్రాణం రైలు చప్పుడు. పాట కింద ఎక్కడో మెల్లగా మొదలయ్యేది. పల్లవి వచ్చేసరికి జోరెక్కి గుండెల్లో పరుగెత్తేది. ఒక్కోసారి చరణం నడుమ ఠక్కున ఆగిపోయేది.

"చూశావా బావా, ఎక్కడ ఆపాడో! బుర్రంటే వాడిది!" అని మాస్టారు తెగిన దారం సూదిలోకి ఎక్కిస్తూ మురిసిపోయేవాడు.

"ఒకసారి విన్నట్టు ఇంకోసారి ఉండదురా, అదీ గొప్పతనం" అనేవాడు బావ.

ఇంట్లో పాట పెడితే ఇద్దరి భార్యలకూ తలనొప్పి. అందుకని పాట వినడం కొట్లోనే. ఒక్కసారి మాత్రం మైదానంలో కచేరీకి వెళ్ళారు. అన్నీ పాడారు గానీ రైలు చప్పుడు లేదు. "మైకువాడు నిద్రపోతున్నాడు, రైలు పెట్టడమే మరిచిపోయాడు దరిద్రుడు" అని దారి పొడవునా వాణ్ణి తిట్టుకుంటూ వచ్చారు.

ఈలోగా బావ మోకాళ్ళు వాచాయి. తొక్కుడు మానకపోతే నడక కూడా ఉండదని డాక్టరు చెప్పాడు. మాస్టారు రెండో మాట లేకుండా పాత మిషన్లు రెంటినీ మూలకు నెట్టి, దుప్పటి కప్పి, మోటారు మిషన్లు తెప్పించాడు. మహా మెత్తనివి. దోమ పాడినా వాటికంటే గట్టిగా వినబడుతుంది. సరిగ్గా ఆ వారమే గాలివాన కొత్త ఆల్బం 'కిటికీ పక్కన' వచ్చింది. అగరుబత్తీ వెలిగించినంత భక్తిగా డిస్కు పెట్టారు.

గిటారు వినబడింది. గాయకుడి గొంతు వినబడింది. తబలా మీద ఎవడో వేలితో నిమిరినట్టు వినబడింది. రైలు రాలేదు. రెండో పాటలో వస్తుందనుకున్నారు, రాలేదు. ఆఖరి పాట అయిపోయాక కూడా మాస్టారు స్టేషన్లో చుట్టాల కోసం నిలబడ్డవాడిలా చూస్తూ కూర్చున్నాడు.

"చంపేశారు! ఇన్నాళ్ళ పేరు గంగలో కలిపేశారు!"

అప్పటికే ప్యాంటు కోసం వచ్చి బల్ల మీద కూర్చున్న బ్యాంకు గుమాస్తా అందుకున్నాడు. ఆయన జన్మలో ఒక్క డిస్కు కొనలేదు. అభిప్రాయాలు మాత్రం ఎప్పుడూ సిద్ధం.

"నేను ముందే చెప్పలా మాస్టారూ? డబ్బు చేస్తే ఇంతే. ఆకలి ఉన్నప్పుడు రైలు ఉంది. ఇప్పుడు కార్లు కొనుక్కున్నారు, రైలెందుకు?"

మాస్టారికి ఆ మాట తెగ నచ్చింది. ఆ రోజు నుంచి వచ్చినవాళ్ళందరికీ కొలతలతో పాటు అదీ చెప్పాడు. నడుము చుట్టూ టేపు బిగించి, "కార్లు కొనుక్కున్నారండీ!" అనేసరికి, ఊపిరి బిగబట్టిన మనిషి అవునని తలూపక ఏం చేస్తాడు?

గొడవంతా బావతో వచ్చింది. కాలరు కుడుతూ ఆయన కూనిరాగం తీస్తున్నాడు. విని చూస్తే అది 'కిటికీ పక్కన'లో పాట!

"బావా, నీకది నచ్చిందా?"

"బానే ఉందిరా. మాటలు వినబడుతున్నాయి ఈసారి. అమ్మ గురించి ఎంత బాగా రాశాడో!"

"మాటలెవడిక్కావాలి? దమ్మేదీ? రైలేదీ?"

"వాళ్ళూ పెద్దవాళ్ళవుతున్నార్రా. ఎల్లకాలం పరుగెత్తమంటే ఎలా? కూర్చుని పాడారు, కూర్చుని విందాం."

ఇక్కడ మాస్టారు నోరు కట్టుకుని ఉంటే సరిపోయేది. కానీ నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా? "నీకు మోకాళ్ళతో పాటు చెవులు కూడా పోయాయి బావా!" అనేశాడు.

బావ మోటారు ఆపాడు. కుట్టు పూర్తి చేసి, దారం కొరికి, కాలరు మడతపెట్టాడు. తర్వాత తన కత్తెర తీసుకుని గుడ్డలో చుట్టుకున్నాడు. కుట్టుపనివాళ్ళలో ఇది అందరికీ తెలిసిందే. కత్తెర రాత్రీ పగలూ బల్ల మీదే ఉంటుంది. దాన్ని గుడ్డలో చుట్టి ఇంటికి పట్టుకెళ్ళాడంటే ఆ మనిషి ఇక రాడని అర్థం.

"రేపట్నుంచి నీ రైలూ నువ్వూ!" అని మెట్లు దిగేశాడు బావ.

రెండు రోజులు రాలేదు. అక్క మనిషి చేత కబురంపింది: "మీ బావ రెడీమేడ్ షాపులో ప్యాంట్లు పొట్టి చేసే పనికి కుదురుతాడట. మిమ్మల్ని విడదీయడానికి ఆస్తులు చాల్లేదు, పాటలు కావలసొచ్చాయా?" మాస్టారికి అన్నం సయించలేదు. ఎదురు మిషను ఖాళీగా ఉంటే కొట్టంతా బోసిగా ఉంది. తప్పు గాలివాన వాళ్ళదే అని ఇంకోసారి గట్టిగా అనుకున్నాడు గానీ మనసు కుదుటపడలేదు.

మూడో రోజు పాత ఆల్బం పెట్టుకున్నాడు. ఏడుపొస్తే పాత చుట్టం దగ్గరే కదా ఏడవాలి.

గిటారు వినబడింది. గొంతు వినబడింది. వేలితో నిమిరిన తబలా వినబడింది. రైలు రాలేదు.

డిస్కు తీసి చొక్కాకు తుడిచాడు. తిరిగి పెట్టాడు. పాటలపెట్టెను రెండు మొట్టాడు. అదే మెత్తని పాట. పల్లవి వచ్చేసరికి బల్ల కింద ఆయన కుడికాలు తనంతట తను పైకీ కిందికీ ఆడుతోంది, దేన్నో వెతుక్కుంటున్నట్టు.

మెల్లగా తల తిప్పి మూలనున్న దుప్పటి వైపు చూశాడు. లేచి దుప్పటి లాగాడు. పాత మిషను మీద కూర్చుని తొక్కాడు.

రైలు వచ్చింది.

"ఓరి నా మొహం మండా!" అన్నాడు మాస్టారు, గోడ మీది నలుగురి వైపు చూసి. వాళ్ళు పాపం ఎప్పటిలాగే పాడుతున్నారు.

చెప్పులు వేసుకున్నాడో లేదో, అక్క ఇంటి గుమ్మంలో ఉన్నాడు. బావ మోకాళ్ళకు వేడినీళ్ళ సంచీ పెట్టుకుని మొహం గోడకు తిప్పుకున్నాడు.

"బావా, వాళ్ళు మారలేదు. ఆ రైలు మనదే. నువ్వూ నేనూ తొక్కిందే."

బావకు అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వు మొదలై, దగ్గై, కళ్ళనీళ్ళై ఆగింది. "మరి ఆ మైకువాణ్ణి అన్ని తిట్లు తిట్టాం కదరా!"

"నిన్ను అన్న మాట ఇంకా పెద్ద తిట్టు బావా. నా చెవులే పోయాయి. పద."

కొట్లో మాస్టారు కొత్త ఆల్బం పెట్టి, పాత మిషనెక్కి ఒక్కడే తొక్కాడు. వచ్చింది గానీ కుంటి రైలు, సగం చక్రాలే. బావ కాసేపు చూశాడు. తర్వాత రెండో మిషను దగ్గరికి స్టూలు జరుపుకున్నాడు.

"వద్దు బావా, డాక్టరు..."

"ఒక్క పాటకిరా. నోర్మూసుకుని తొక్కు."

పల్లవి దగ్గర రైలు జోరెక్కింది. అమ్మ పాట కిటికీలో తలపెట్టి పరుగెత్తింది. ఇద్దరూ పిల్లల్లా నవ్వుకున్నారు. అదే సమయానికి ప్యాంటు కోసం మళ్ళీ వచ్చిన బ్యాంకు గుమాస్తా గుమ్మంలో చిటికె వేశాడు.

"ఇదీ! దారికొచ్చారు వెధవలు! జనం తిడితే మళ్ళీ రికార్డు చేసినట్టున్నారు. నేను ముందే చెప్పలా?"

ఇద్దరూ ఆయన ప్యాంటు ఆయనకిచ్చి పంపేశారు.

పాట అయింది. రెండోది మొదలైంది. బావ పళ్ళు బిగబట్టి మళ్ళీ కాలు వేశాడు. ఆయన నుదుటి మీద చెమట చూసి మాస్టారు తన మిషను ఆపేశాడు. లేచి బావ కాళ్ళ కిందికి పీట జరిపి, మోటారు మిషను ముందుకు లాగాడు.

"చాలు బావా. ఊరికే విందాం. కొత్త పాటలు బానే ఉన్నాయిలే."

"అబద్ధం. నీకు నచ్చలేదు."

"నచ్చలేదు" అన్నాడు మాస్టారు. "అయినా వింటా. నువ్వుండు చాలు."

బావ వచ్చేటప్పుడు చంకన పెట్టుకొచ్చిన గుడ్డ మూట తీసి, విప్పి, కత్తెర బల్ల మీద ఎప్పుడూ ఉండే చోట పెట్టాడు.